మేడ మీది ట్యాంకు లోపలి సంగతి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మీ వృత్తి గురించి పది నిమిషాలు చెప్పండి అన్నారు కార్యదర్శి గారు. భోజనాల ముందు పది నిమిషాలంటే ఏడే అని నాకు తెలుసు.

నా పని ప్లాస్టిక్ వస్తువులు చేయించడం. అందులోనూ రొటేషనల్ మోల్డింగ్ అనే పద్ధతి. పద్ధతి పేరు చెబితే ఎవరికీ తెలియదు, సరుకు పేరు చెబితే తెలియనివాళ్ళుండరు. మీ మేడ మీద ఉండే నీళ్ళ ట్యాంకు. గుజరాత్‌లోని కలోల్‌లో ఒక బట్టల మిల్లు వాళ్ళు 1970లలో సింటెక్స్ పేరుతో వీటిని మొదలుపెట్టారు. ఇవాళ ఎవరు చేసిన ట్యాంకునైనా మనం సింటెక్సే అంటాం, వనస్పతి అంతా డాల్డా అయినట్టు.

అంత పెద్ద బోలు వస్తువు, పక్కల్లో అతుకు లేకుండా ఎలా వస్తుంది? పాలిథీన్‌ని అర మిల్లీమీటరు కన్నా సన్నగా పొడి కొడతారు. రేకుతో చేసిన అచ్చులో ఆ పొడిని తూచి పోసి, మూత బిగిస్తారు. అచ్చును గుండ్రంగా తిప్పుతూ, ఇటూ అటూ ఊపుతూ, కింద గ్యాస్ మంట పెడతారు. ఈ యంత్రానికి మా వాళ్ళు పెట్టుకున్న పేరు ‘రాక్ అండ్ రోల్’. డాన్సేమీ ఉండదు, మే నెలలో దాని పక్కన నిలబడితే ఏడుపొస్తుంది. వేడెక్కిన గోడకి పొడి అంటుకుంటుంది, దాని మీద మరికాస్త అంటుకుంటుంది. మూకుడులో కాస్త నూనె వేసి, మూకుడు తిప్పి అంచులదాకా పట్టిస్తారు చూడండి, అలాంటిదే. తర్వాత తిప్పుతూనే చల్లార్చి, అచ్చు విప్పి ట్యాంకు తీస్తారు.

ఇక్కడ అందరూ, మా ఇంజనీర్లు కూడా, ఒక మాట అంటుంటారు. తిరుగుతోంది కాబట్టి అపకేంద్ర బలంతో ప్లాస్టిక్ గోడకి కొట్టుకుంటుందని. కాదు. ఫిజిక్స్ మాస్టారు ఎదురుగా ఉన్నారు కాబట్టి లెక్క చెప్పి తీరాలి. మీటరు వెడల్పు ట్యాంకు నిమిషానికి 8 చుట్లు తిరిగితే, గోడ దగ్గర త్వరణం గురుత్వాకర్షణలో 25వ వంతు కూడా ఉండదు. పొడి అడుగునే కుప్పగా దొర్లుతూ ఉంటుంది. గోడే దాని దగ్గరికి వచ్చి పోతూ ఉంటుంది.

అంటే ఈ పనిలో ఒత్తిడి లేదు. బకెట్టు చేసే ఇంజెక్షన్ మోల్డింగ్‌లో కరిగిన ప్లాస్టిక్‌ని మహా ఒత్తిడితో తోస్తారు, అందుకే ఆ అచ్చు మందపాటి ఉక్కుతో చెయ్యాలి, లక్షలు పోయాలి. మాకు రేకు అచ్చు చాలు. పది వస్తువులు కావాలన్నా గిట్టుబాటవుతుంది. రసాయనాల ట్యాంకులు, సెప్టిక్ ట్యాంకులు, రోడ్ల మీద నీళ్ళు నింపి పెట్టే ఎర్ర అడ్డుగోడలు, పార్కులో పిల్లల జారుడుబల్లలు, చేపల రేవుల్లో ఐసు పెట్టెలు, కయాక్ పడవలు, ఇవన్నీ ఇలా వచ్చినవే. చరిత్రకి వెళితే ఇంకా విడ్డూరం. 1855లో బ్రిటన్‌లో పీటర్స్ అనే ఆయన పేటెంటు తీసుకున్నది ఫిరంగి గుళ్ళ కోసం. ఆ తర్వాత ఇదే కిటుకుతో బోలు చాక్లెట్ గుడ్లు చేశారు, బొమ్మల తలకాయలు చేశారు. ట్యాంకులు చాలా ఆలస్యంగా వచ్చాయి.

అచ్చు చవక కాబట్టి ఒక షెడ్డు, ఒక యంత్రం ఉంటే ఎవరైనా మొదలుపెట్టొచ్చు. మంచిదే, చాలామంది బతికారు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఈ పని దిబ్బరొట్టె కాల్చడం లాంటిది. మంట ఎక్కువైతే అడుగు మాడుతుంది, తొందరపడితే లోపల పచ్చి. పాలిథీన్ 125 డిగ్రీల దగ్గర కరుగుతుంది గానీ పొడి రేణువుల మధ్య చిక్కుకున్న గాలి అప్పుడే పోదు. లోపలి గాలి దాదాపు 200 డిగ్రీలకి చేరితేగానీ ఆ బుడగలు కరిగిన ప్లాస్టిక్‌లో ఇంకిపోవు. అక్కడ ఆపకుండా ఇంకా కాలిస్తే లోపలి పొర ఆక్సిజన్‌తో కలిసి పెళుసుబారుతుంది. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ రాయ్ క్రాఫర్డ్ బృందం తిరిగే అచ్చు లోపలి వేడిని బయటికి రేడియోలో చెప్పే పరికరం చేసింది. అది లేని షెడ్డులో ఆ పరికరం ఆపరేటరు ముక్కే. గాలిగొట్టంలోంచి వచ్చే వాసన చూసి మంట తగ్గించేవాళ్ళని చూశాను. వాళ్ళకి ఇంజనీరు జీతం ఇవ్వాలని నా అభిప్రాయం.

పచ్చి ట్యాంకూ మాడిన ట్యాంకూ బయటికి ఒక్కలాగే నిగనిగలాడతాయి. రెండూ మొదట నిలబడతాయి. రెండో మూడో వేసవులు గడిచాక పైపు బిగించిన చోట చీలతాయి. ఒక ఊళ్ళో, పేరు వద్దు, రోజుకి నాలుగు ట్యాంకులు ఎక్కువ తియ్యడానికి ఒక్కోదాని మంట సమయం కోసేసిన యజమానిని చూశాను. ఆయన్ని అడిగితే ‘మూడు పొరలు వేస్తున్నాం కదండీ’ అన్నాడు. పొరల సంఖ్య చూసి మోసపోకండి. లోపలి తెల్ల పొరకి ఉపయోగం ఉంది, మురికి కనిపిస్తుంది. కానీ మూడు పల్చటి పొరలు కలిసినా పల్చటి గోడే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, స్వర్ణోత్సవ కానుకగా మన బడి మేడ మీద 2000 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టిద్దామని సంఘం తీర్మానించింది. తక్కువ కోటేషన్‌కి ఇద్దామని కొందరు అంటున్నారు. లీటర్లు చూసి కొంటే, తక్కువ ధర అంటే తక్కువ ప్లాస్టిక్. కాబట్టి కిలోలు అడగండి. ఐఎస్ 12701 అనే ప్రమాణంలో ఎన్ని లీటర్లకి కనీసం ఎంత బరువుండాలో ఉంది. ఐఎస్ఐ గుర్తు ఉన్నా సరే, తూచి చూడాలి. లోపల తల పెట్టి వాసన చూడండి, మాడు వాసన వస్తే వద్దు. తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. మసి అంటితే రంగును ముందే కరిగించి కలపకుండా పొడిలో ఊరికే చల్లారన్నమాట, దానివల్ల గోడ బలం తగ్గుతుంది.

అన్నిటికన్నా మంచి పరీక్ష ప్లంబరు చేతిలో ఉంది. పైపు కోసం బెజ్జం కొట్టినప్పుడు రూపాయి బిళ్ళంత ముక్క ఊడిపడుతుంది. దాన్ని పారెయ్యనివ్వకండి. బ్లేడుతో అంచు చెక్కి వెలుతురులో చూడండి. గోడ మందమంతా బుడగలుంటే పచ్చిది. లోపలివైపు సన్నటి బుడగలు నాలుగైదు కనిపిస్తే సరిగ్గా కాలింది.

ట్యాంకు కింద దిమ్మె కూడా ముఖ్యం. 2000 లీటర్లంటే రెండు టన్నులు. రెండు వరసల ఇటుకలు పేర్చి పెడితే, మధ్యలో ఆధారం లేని అడుగు నెలనెలా కొంచెం కొంచెం జారుతుంది. అడుగంతా ఆనేలా చదును చేసిన సిమెంటు పలక వెయ్యాలి. దాని ఖర్చు అంచనాలో ఎవరూ వెయ్యలేదు, నిన్న కాగితం చూశాను. అది మా బ్యాచి భరిస్తుంది. కోటేషన్లు తెరిచే రోజు నాకు కబురు చెయ్యండి, కాటా నేనే తెస్తాను.