బల్లి పడినదా?

పెండ్లివిందులోనో, హాస్టలులోనో, హోటలులోనో భోజనము చేసినవారికి వాంతులు పట్టుకొన్నవని తెలియగానే మన ప్రాంతములందు మొదట వినవచ్చు మాట ఒకటి కలదు: “సాంబారులో బల్లి పడినదట!” చూచినవారెవరని విచారించినచో, చూచినవారిని చూచినవారు మాత్రమే దొరుకుదురు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేమును అట్టి విందు ఆరగించినవారమే. బంధువుల ఇంట వివాహము. వంట ఒక హోటలువారికి ఒప్పగించిరి. వారు తమ వంటశాలలో వేకువ నాలుగు గంటలకే పొయ్యి రాజేసి, వండినవి వండినట్లు గంగాళములకెత్తి, మూతలు బిగించి, వ్యానులో పెండ్లిపందిరికి చేర్చిరి. తలంబ్రాలు ముగిసి, విస్తళ్లు వేయుసరికి మధ్యాహ్నము రెండు దాటినది. సాయంకాలము అయిదు గంటలకు తొలి వాంతి. దీపాలవేళకు విడిదిలోని పిల్లలను, వృద్ధులను ఆస్పత్రికి తరలింపవలసి వచ్చినది. మూడవనాటికి అందరును కోలుకొనిరి. కాని ఆ రాత్రియే సాంబారు గంగాళమును దొడ్డిలో బోర్లించి, టార్చి దీపములతో బల్లికొరకు వెదకిరి. బల్లి లేదు. అన్నము, కూర, పెరుగువడలు సమస్తమును పారబోసి పాత్రలు కడిగించిరి. ముదుసలి వంటవానిని నలుగురిలో నిలువబెట్టి నానామాటలు ఆడిరి. పరీక్షించుటకు ఒక్క మెతుకైనను మిగులలేదు.

ఇంటిగోడలపై తిరుగు బల్లికి విషము లేదు. దాని ప్రేగులందు సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు ఉండవచ్చును గనుక, చల్లారిన పచ్చడిలోనో పెరుగులోనో అది పడినచో ఆ పదార్థమును పారవేయవలసినదే. తెర్లుచున్న సాంబారులో మాత్రము ఆ క్రిములు బ్రతుకజాలవు. మన సందేహము పోవలసినది బల్లిమీదికి కాదు. మూతపెట్టిన గోరువెచ్చని గంగాళముమీదికి.

5 డిగ్రీల సెంటీగ్రేడునకు పైన, 60 డిగ్రీలకు లోపల నున్న వేడి సూక్ష్మజీవులకు హితమైనది. అనుకూలమైన వేడిలో ఒక్క క్రిమి ఇరువది నిమిషముల కొకమారు రెండగుననుకొన్నచో, ఆరు గంటలలో 2,62,144 అగును. ఆనాటి పెండ్లిలో పొయ్యికిని విస్తరికిని నడుమ గడచిన కాలము అంతకు ఎక్కువయే.

వండినప్పుడే క్రిములన్నియు చచ్చును గదాయని ఎవరైన అడుగవచ్చును. అన్నియు చావవు. బియ్యముతో వచ్చు బాసిల్లస్ సీరియస్ అను క్రిమి, గట్టి కవచము తొడిగికొని బీజరూపమున దాగియుండును. మరిగెడి ఎసట పడినను ఆ బీజము నశింపదు. అన్నము గోరువెచ్చనైనప్పుడు మేల్కొని, పెరిగి, విషమును స్రవించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. 1970 దశకపు తొలినాళ్లలో ఇంగ్లండులోని చైనా భోజనశాలలలో ఫ్రైడ్ రైసు తిని పలువురు వాంతులపాలైనప్పుడు బయటపడిన సంగతి ఇదియే. చల్లని పెట్టెలో ఉంచిన మెతుకులు అంటుకొనునని, ఉడికిన అన్నమును రాత్రియంతయు బయటనే ఉంచి, మరునాడు రెండు నిమిషములు వేయించి వడ్డించిరి. నేడు మన పట్టణములలో ఫ్రైడ్ రైసు బండి లేని వీథి అరుదు. బాణలిలో లేచు మంటను చూచి మనము ధైర్యపడుదుము. ఆ అన్నము ఎప్పుడు వండినదో అడుగము.

గృహిణి వంటకును హోటలు వంటకును గల ముఖ్యభేదము పరిమాణము. తప్పెలెడు అన్నము త్వరగా చల్లారును. గంగాళము నడిమి అన్నము గంటలకొలది వెచ్చగానే ఉండును. అట్లే తీసికొనిపోయి ఫ్రిజ్జులో పెట్టినను లోపలి వేడి వెంటనే వదలదు. వెడల్పైన పళ్లెములలో పలుచగా పరచి చల్లార్చినగాని ప్రయోజనము లేదు. మాంసపు పులుసులకును ఇదియే నియమము; వానియందు పెరుగు క్రిమి వేరు, అంతే. రుచి చూచి, వాసన చూచి “బాగుగనే ఉన్నది” అనుట చాలదు. పాచిపోయిన ఆహారము వాసనచేత తన్ను తాను పట్టియిచ్చును. ఈ విషములకు వాసన లేదు. ప్రయాణములకు మన పెద్దలు పులిహోర కట్టుకొనుట ఊరక కాదు. చింతపండు పులుపులో ఈ క్రిములు అంత సులభముగ పెరుగజాలవు. అయినను మొన్నటి పులిహోరను తినుమని మేము చెప్పుటలేదు.

ఆ పెండ్లిలో పెరుగువడలపై కొబ్బరికోరు చల్లుచున్న కుర్రవాని వ్రేలికి గుడ్డ చుట్టియుండుట మాకు తరువాత జ్ఞప్తికి వచ్చినది. చీముపట్టిన గాయములందును, ఆరోగ్యవంతుల ముక్కులందును స్టెఫిలోకాకస్ అను క్రిమి నివసించును. దాని విషమును మరిగించినను లాభము లేదు. పనివారికి ఏటేట వైద్యపరీక్ష జరిపింపవలెనని, రోగులచేత ఆహారము ముట్టింపరాదని 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద 2011లో వెలువడిన నియమములు చెప్పుచున్నవి. కాని దినకూలి పోవునని భయపడువాడు తన వ్రేలినొప్పి చెప్పునా? గాయపడిననాడు కూలి కోయక, వానికి ఊడ్పుపనియో బియ్యపుమూటల లెక్కయో ఇచ్చు యజమాని వంటశాల, గోడలకు తెల్లని పలకలు అతికించిన వంటశాలకంటె మేలని మా అభిప్రాయము.

నిప్పు చూపని పదార్థముల విషయము మరింత కఠినము. హైదరాబాదులో జరిగిన అనర్థముల పిమ్మట 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్డుతో చేయు మయొనైజును ఒక సంవత్సరముపాటు నిషేధించినది. అందులో సాల్మొనెల్లాను చంపు వేడి ఏ దశయందును లేదు.

శ్రోతలలో శుభకార్యములు తలపెట్టినవారు బేరమాడునప్పుడు వంటకముల పట్టికతోపాటు మరియొక ప్రశ్న అడుగవలెను: పొయ్యి దించిన తరువాత విస్తరిలో పడుటకు ఎన్ని గంటలు? రెండు గంటలు మించునేని, వేడి 60 డిగ్రీలకు తగ్గకుండ ఉంచు ఏర్పాటు కావలెను. లేదా పందిరి ప్రక్కనే అన్నమును వాయిలు వాయిలుగా వండింపవలెను. ముహూర్తము ఆలస్యమైనచో పురోహితులతోపాటు వంటవారికిని కబురు చేయవలెను.

ఇంతచేసినను ఎవరికైన వాంతులు, విరేచనములు కలిగినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచి, కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపుడు. పసిపిల్లలను, వృద్ధులను, గర్భవతులను వెంటనే వైద్యునికి చూపుడు. మలములో రక్తము కనబడినను ఆలస్యము చేయరాదు. మిగిలిన ఆహారమును మాత్రము పారబోయకుడు. ప్రతి వంటకమునుండి కొంచెము శుభ్రమైన డబ్బాలలో తీసి, మూతపెట్టి, పేరు వ్రాసి, ఫ్రిజ్జులో ఉంచి, ఆహార భద్రతాధికారికి కబురంపుడు.