పలక మనదే, వెట్టి మనది కాదు

(పుట్టపర్తిలో విద్యార్థులు, గ్రామ కార్యకర్తలు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మా బడి పిల్లలు ఒక పాట వీడియో తీయాలనుకున్నారు. నాలుగు నిమిషాల పాట. అంతకన్నా పెద్దదేం కాదు. ఆ నాలుగు నిమిషాల కోసం మూడు నెలలుగా ఊర్లు తిరుగుతున్నాం. ఇంకా కెమెరా ఎత్తలేదు. 'ఏం సార్, సెల్లు చేతిలోనే ఉండగా పాట తీసేదానికి ఇన్ని దినాలా?' అని అడుగుతున్నారు. ఎందుకు ఆలస్యమైందో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడినాం. మేం నేర్చుకున్నదంతా ఆ ఆలస్యంలోనే ఉంది.

పుట్టపర్తి అంటే లోకానికి భజన పాట తెలుసు. ఈ చుట్టుపక్కల గేరీల్లో ఇంకో పాట ఉంది, దాన్ని అడిగినోళ్లు లేరు. పిల్లలు వచ్చి మాతో అన్నది ఇదీ: 'సార్, సినిమాలో ఊపున్న పాట అంటే పలక. పెండ్లి ఊరేగింపంటే పలక. ఎలక్షన్ల ర్యాలీ అంటే పలక. అది మనోళ్లది. మన పేరు మాత్రం యాడా రాదు. మనమే పాట కట్టి మన కాలనీలోనే తీద్దాం.'

మాకు సంతోషమైంది. మేం మా ఇండ్లల్లో మొదటిసారి డిగ్రీ చదివినోళ్లం. మేం కాలేజీలో ఉన్నప్పుడు ఎవరైనా పలక సంగతి ఎత్తితే తల దించుకుని పక్కకు పోయేవాళ్లం. ఈ పిల్లలు తల ఎత్తి అడుగుతున్నారు. సరే పదండి అన్నాం.

మొదటి ఊర్లోనే దెబ్బ తగిలింది.

చిత్రావతి ఒడ్డున ఒక ఊర్లో పలక వాయించడంలో పేరున్న పెద్దాయన ఉన్నాడు. డెబ్బై దాటినాయి. పిల్లలు పోయి, 'అబ్బా, కొంచెం వాయించు, వీడియో తీసుకుంటాం' అన్నారు. ఆయన గోడకు తగిలించిన పలక దిక్కు ఒకసారి చూసి, 'వాయించను పోండి' అన్నాడు. పిల్లలు బతిమాలినారు. ఆయనకు కోపమొచ్చింది.

'నేను ఇష్టమై వాయించినాననుకుంటిరా? ఊర్లో పీనుగ లేస్తే పిలుపు. జాతరంటే పిలుపు. చాటింపంటే పిలుపు. జరమొచ్చినా పోవల్ల. పోకపోతే కల్లం కాడ గింజలు పెట్టరు. రాత్రంతా వాయిస్తే తెల్లార్నాక దూరం నుంచి సంగటి ముద్ద ఇసిరేస్తాండ్రి. గుడి ముందర ఎన్ని జాతర్లు వాయించినానో, గుడి లోపల ఏముందో నాకు తెల్దు. కొడుకు సదువుకున్న్యాక గోడకు తగిలిస్తి. ఇప్పుడు మీరొచ్చి మళ్లా దింపమంటారా?'

పిల్లలు తిరిగొచ్చి గమ్మున కూర్చున్నారు. ఒక పిల్లోడు అడిగినాడు: 'సార్, మనం గర్వం అనుకునేది ఆయనకు అవమానమా?'

మిత్రులారా, ఈ ప్రశ్నకు జవాబు లేకుండా పాట తీయకూడదని ఆ రోజే అనుకున్నాం. కెమెరా సంగతి పక్కన పెట్టి నోటు పుస్తకాలు తీసుకున్నాం. ఒక పక్క ఊర్లు తిరిగినాం. ఇంకో పక్క చరిత్ర చదివినాం.

పెద్దాయన కోపానికి చరిత్ర ఉంది. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మనోళ్లను కూడేసి, చచ్చిన పశువు మాంసం మానండి, ఊరి నీచపు చాకిరీలు వదలండి అన్నాడు. మహార్లను తరతరాలు ఊరికి కట్టేసిన వతన్ పద్ధతిని మార్చాలని 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినాడు. గుప్పెడు గింజలిచ్చి జీవితకాలం పిలిచినప్పుడల్లా రమ్మనే పద్ధతి అది. మన పెద్దాయన చెప్పిన కల్లం గింజలు కూడా అదే. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో వెట్టి చేయించడం శిక్షించదగిన నేరం. చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమలుకొచ్చింది. దాంతో మనతో బలవంతంగా శవాలు, పశువుల కళేబరాలు మోయించడం, గుంతలు తవ్వించడం కూడా నేరాల్లో చేరింది. అంటే పలక గోడకు తగిలించిన రోజు ఆ పెద్దాయన ఒక్కడే నిలబడి రాజ్యాంగాన్ని అమలు చేసినాడు. ఆయనకు 23వ అధికరణం అంటే ఏందో తెలీకపోవచ్చు. చేసింది మాత్రం అదే.

మరి ఇంకో పక్క చూడండి. అదే మహారాష్ట్రలో అంబేడ్కరీ జల్సా బృందాలు బాబాసాహెబ్ మాటను పాటగా కట్టి ఊరూరా మోసినాయి. చదువురాని జనానికి ఆ పాటే పత్రిక. మన తెలుగు నేలన 1920ల మొదట్లో అందరూ తెల్లదొరతనం వద్దని పాడుతున్నప్పుడు, రాజమహేంద్రవరం కుసుమ ధర్మన్న నల్లదొరతనం కూడా వద్దని పాట కట్టినాడు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం తన పేరే 'దండోరా' అని పెట్టుకుంది. ఊరోళ్ల చాటింపు వేసిన చేతులు తమ చాటింపు తామే వేసుకున్నాయి. 1995లో దళిత కవిత్వాన్ని లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ ఒక పుస్తకంగా తెస్తే దానికి 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టినారు. కవిత్వ పుస్తకానికి కూడా పాట అనే పేరే కావలసి వచ్చింది.

ఒకాయన వాయించనని గెలిచినాడు. ఇంకొకరు వాయించి గెలిచినారు. రెండూ ఒకే పోరాటం. తేడా ఎక్కడుంది? ఎవరు పిలిస్తే వాయించినాం, ఎవరి కోసం వాయించినాం అన్న దాంట్లో ఉంది. పలక మనదే. వెట్టి మనది కాదు. మా పాటకు పల్లవి ఏందో పిల్లలకు అక్కడ దొరికింది.

తోలు ముట్టుకుంటే మైల అంటారు కదా. మన ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. మేకతోలును గాజులాగా పల్చగా చేసి, రంగులేసి, రామాయణం ఆడించే ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మనందరికీ గర్వం. ఆ కళాకారుల కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. అడిగేది ఒక్కటే. అదే మేకతోలు బొమ్మైతే కళ, మన గేరిలో పలకైతే మైల ఎట్లయింది? మైల తోలులో లేదు, చూసేవాళ్ల కండ్లలో ఉంది. ఇది పిల్లలు తమ నోటు పుస్తకంలో రాసుకున్న మాట.

ఇంతలో రెండో చిక్కు వచ్చింది. మా పిల్లల్లో బాగా పాడే అమ్మాయి ఒకామె ఇప్పుడు టౌనులో ఇంటర్ చదువుతోంది. పాట పాడతానంది గానీ, 'నా మొగం చూపించొద్దు సార్' అంది. ఎందుకమ్మా అంటే, హాస్టల్లో తనతో ఒకే గదిలో ఉన్న పిల్లలకు తన కులం తెలీదట. తెలిస్తే ఎట్లుంటుందో ముందు సంవత్సరం ఇంకో అమ్మాయి విషయంలో చూసిందట. తోటి పిల్లలు ఎగిరినారు. 'భయపడితే ఉద్యమం ఎట్ల చేస్తాం?' అన్నారు.

మేం వాళ్లను ఆపినాం. ఇక్కడున్న కార్యకర్తలు కూడా ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ధైర్యం ఒకరి మీద ఇంకొకరు రుద్దేది కాదు. నాలుగు నిమిషాల వీడియో ఊరంతా చేరుతుంది, ఒకసారి పోయినాక వెనక్కి రాదు. ఆ తర్వాత హాస్టల్లో ఆ పిల్ల ఒక్కతే ఉండాలి, మనం ఉండం. దాచుకోవాల్సి వచ్చినందుకు సిగ్గుపడాల్సింది ఆ పిల్ల కాదు, ఆ పరిస్థితి తెచ్చినోళ్లు. కాబట్టి గొంతు ఆమెది ఉంటుంది. మొగం ఆమె ఇష్టం. రేపు మనసు మారితే ఆ రోజు చూసుకుందాం.

మూడో సంగతి పేర్లది. 2021లో తమిళంలో 'ఎంజాయ్ ఎంజామీ' అనే పాట వచ్చి కోట్లమందికి చేరింది. రాసింది అరివు అనే దళిత యువకుడు. సిలోన్ తేయాకు తోటల్లో చాకిరీ చేసి వచ్చిన తన అవ్వ కథలోంచి కట్టినాడు. అదే ఏడాది ఒక పెద్ద సంగీత పత్రిక ఆ పాట విజయం గురించి రాస్తూ అట్ట మీద బొమ్మలేస్తే అందులో అరివు బొమ్మ లేదు. దర్శకుడు పా. రంజిత్ లాంటివాళ్లు గట్టిగా నిలదీసినాక ఆయన బొమ్మతో ఇంకో అట్ట వచ్చింది. అంత పేరున్నోడికే అట్ల జరిగితే చిత్రావతి ఒడ్డు పెద్దాయన్ను ఎవరు తలుస్తారు? అందుకే మా వీడియోలో పేర్లు చివర్లో చీమల్లాగా పరిగెత్తవు. ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నామో పాట మొదట్లోనే వస్తుంది.

ఓపిక సంగతి ఒకటి చెప్పాలి. 1997 జులై 11న బొంబాయి రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి జరిగిన అవమానం మీద జనం లేస్తే, పోలీసు కాల్పుల్లో 10 మంది చనిపోయినారు. ఆ బాధ తట్టుకోలేక దళిత గాయకుడు విలాస్ ఘోగ్రే ప్రాణం తీసుకున్నాడు. ఆయన పాటను అంతకుముందే తన సినిమాలో పెట్టుకున్న ఆనంద్ పట్వర్ధన్, ఆ మరణం వెనక కథ వెతుక్కుంటూ 14 ఏండ్లు తిరిగి 'జై భీమ్ కామ్రేడ్' తీసినాడు. ఆయన 14 ఏండ్లు తిరిగితే మనం మూడు నెలలకే అలిసిపోతామా?

దూరదేశం మాట కూడా పిల్లలకు చెప్పినాం. బ్రెజిల్‌లో సాల్వడోర్ అనే ఊరిలో పెలోరిన్యో అనే పేట ఉంది. ఆ పేరుకు అర్థం కొరడా దెబ్బల స్తంభం. నల్లజాతి బానిసలను కట్టి కొట్టిన తావు. 1979లో అక్కడే నల్లవాళ్లు ఒలోడుమ్ అనే డప్పుల బృందం కట్టుకున్నారు. 1996లో మైకేల్ జాక్సన్ తన పాట వీడియో కోసం వాళ్ల దగ్గరికే పోయినాడు. ఆ వీడియోలో కొంత రియో మురికివాడలో తీయబోతే, పేదరికం లోకానికి కనబడుతుందని అక్కడి అధికారులు అడ్డుపడినారు. పేదరికం ఉన్నందుకు కాదు వాళ్ల బాధ, కనబడుతున్నందుకు! ఈ మాట మనకు కొత్తదా?

ఇక పని సంగతి. ఇంకో ఊర్లో పిల్లలు మొదలు పెట్టుకుంటే పనికొస్తుందని చెబుతున్నాం.

మొదట కాగితం. ఒక పెద్ద కాగితం మీద నాలుగు గీతలు కొట్టండి. పాటలో ఏ మాట, అప్పుడు ఏం కనబడాలి, ఎక్కడ తీయాలి, ఎవరిని అడగాలి. నాలుగో గడి నిండకుండా ఏదీ తీయొద్దు. చిన్నపిల్లలు కనబడితే తల్లిదండ్రుల ఒప్పుకోలు కావాలి.

అడిగేటప్పుడు సెల్లు జేబులోనే ఉండాలి. ముందు వినండి. పలక మాదిగలదా, మాలలదా అని మనలో మనం తగువు పడొద్దు. ఒక్కో ఊర్లో ఒక్కో తీరు. విన్నది విన్నట్టు రాయండి.

తర్వాత శబ్దం. బొమ్మ కన్నా ముందు పాట రికార్డు కావాలి. పలక పక్కనే సెల్లు పెడితే చప్పుడు చిరిగిపోతుంది. పది పన్నెండు అడుగులు వెనక్కి జరగండి. గాలికి అడ్డం గుడ్డ కట్టండి. ఫోన్లు రాకుండా ఆపండి. గొంతు వేరే, పలక వేరే ఎత్తి తర్వాత కలపండి. ఆ పాట మోగిస్తూ బొమ్మ తీయండి. సినిమా బాణీ వద్దు. వాడితే కంపెనీ వాళ్లు మన వీడియో మీద హక్కు అడుగుతారు. మన దరువు ఉండగా మనకు అప్పు బాణీ ఎందుకు?

బొమ్మ తీసేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు. చాలా సెల్లుల్లో మొగం తెల్లగా చేసే 'బ్యూటీ' మీట ఉంటుంది. ముందు దాన్ని ఆపండి. మన అమ్మల రంగు మన అమ్మలదే. తెల్లగోడ ముందర నిలబెడితే నల్లని మొగం ఇంకా చీకటైపోతుంది. మట్టిగోడ, చెట్టు నీడ మంచిది. మన సీమలో మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు. పొద్దున, సాయంత్రం తీసుకోండి.

ఇప్పుడు పెద్దాయన దగ్గరికి మళ్లా పోదాం. రెండోసారి ఇద్దరు పిల్లలే పోయినారు. సెల్లు తీయలేదు. వాయించమని అడగలేదు. 'అబ్బా, ఎట్ల మానేసినావో చెప్పు' అన్నారు. ఆయన రెండు గంటలు చెప్పినాడు. తోలు ఎట్ల నానబెట్టాల, చింతగింజల జిగురుతో ఎట్ల అంటించాల, మంట కాడ ఎంతసేపు కాంచితే పలక పలుకుతుంది, పీనుగ దరువు వేరే, జాతర దరువు వేరే, పెండ్లి దరువు వేరే అని నోటితోనే దరువేసి చూపించినాడు. లేచేటప్పుడు పిల్లోడి చేతిలో పుల్ల చూసి, 'అట్ల కాదురా' అని వేళ్లు సరిచేసినాడు.

చివరికి అన్నాడట: 'గోడ మీద పలకను తీసుకోండి. నా మాట పెట్టుకోండి. నా మొగం వద్దు. వాయించేది మీరు వాయించండి. ఎవరో పిలిచినారని కాదు, మీకు బుద్ధి పుట్టినప్పుడు.'

'మరి పేరు అబ్బా?' అని పిల్లలు అడిగినారు.

'పేరా? పేరు పెద్దగా రాయండి. ఊర్లో ఇంతకాలం ఏరా అన్నోళ్లే గానీ, పేరు పెట్టి పిలిచినోళ్లు లేరు' అన్నాడు.

అందుకని మా వీడియోలో మొదటి బొమ్మ నిర్ణయమైపోయింది. గోడ, గోడకు పలక, ఆయన గొంతు, ఆయన పేరు. ఆ తర్వాతే దరువు. ఆ దరువు వేసేది ఒక అమ్మాయి. మా ఊర్లల్లో ఆడపిల్ల చేతికి పలక ఇచ్చినోళ్లు లేరు. ఆ మాట కూడా మనం మనల్నే అడుక్కోవాలి కదా.

మీ నుంచి మాకు కావలసింది డబ్బు కాదు. మీ ఊర్లో పలక వాయించిన పెద్దలు ఎవరున్నారో చెప్పండి. వాయించడం మానేసినోళ్లు ఉంటే ముందు వాళ్ల గురించి చెప్పండి. ఆ కథ ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లు పోతే అది కూడా పోతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దిక్కు నుంచి వచ్చిన పిల్లలు ఇంటికి పోయి ఈ రాత్రే మీ అబ్బను, జేజిని ఒక్క ప్రశ్న అడగండి. సెల్లు జేబులో పెట్టి అడగండి.

పాట తయారైనాక మొదట చూపించేది ఆ పెద్దాయన వాకిట్లోనే. ఆయన తల ఊపితే మీ అందరికీ చూపిస్తాం. వద్దంటే మళ్లా తీస్తాం.

జై భీమ్!