చెయ్యి చూపిస్తే కాళ్లు చూపించమన్నారు

మలేసియాలో పేరాక్ రాష్ట్రం, సుంగై సుమున్ నుంచి మాట్లాడుతున్నా. చుట్టూ కొబ్బరి, పామాయిల్ తోటలు, మధ్యలో మా సైటు. ఐటీఐ చేసి వచ్చి ఇక్కడ సూపర్‌వైజర్‌గా ఉన్నా. డాక్టర్ని కాను. నేను చేసిన తప్పు ఒకటి చెబుదామని వచ్చా, అంతే.

మా దగ్గర శ్రీకాకుళం వైపు కుర్రాడు ప్లాస్టరింగ్ చేస్తాడు. వాడి కుడి అరచేయి మందం కట్టి, పొట్టు రాలుతూ, గీతల్లో సున్నం పూసినట్టు అయింది. "అన్నా, దురద" అన్నాడు. "సిమెంట్ పనోడి చెయ్యి అలాగే ఉంటుందిరా" అని, ఊరి నుంచి తెచ్చుకున్న నా ట్యూబే ఇచ్చా. వారంలో దురద తగ్గింది. నెల తిరిగేసరికి మణికట్టు దాటి వలయాలుగా పాకింది.

తాతల కాలం నుంచి ఇక్కడి తోటల్లో ఉన్న తెలుగాయన ఒకరు మాతో క్లినిక్‌కి వచ్చి మలయ్‌లో మాట్లాడారు. డాక్టరమ్మ చెయ్యి చూసి, బూట్లు విప్పమంది. రెండు పాదాల అడుగునా అదే పొట్టు, వేళ్ల సందుల్లో నానిన తెల్లచర్మం. పొట్టు గీకి పరీక్ష చేయిస్తే ఫంగస్, అంటే తామర. రెండు పాదాలు, ఒక చెయ్యి అయితే ముందు తామరనే అనుమానించాలట. నా ట్యూబులో గట్టి స్టెరాయిడ్ ఉంది. అది దురదను అణిచి, ఫంగస్‌ని పెంచింది. అరచేయి చర్మం మందం కాబట్టి పూతతో పాటు మాత్రలూ ఇచ్చారు. తగ్గినట్టు కనపడగానే ఆపొద్దన్నారు.

తర్వాత నా చేతులు చూసింది. రెండు చేతులూ పగుళ్లే. ఇది సిమెంట్ వల్ల వచ్చే ఎగ్జిమా. తడి సిమెంట్ క్షారం చర్మాన్ని తినేస్తుంది, అందులోని క్రోమియం పడకపోతే ఆ అలర్జీ ఏళ్ల తరబడి పోదు. యూరప్‌లో 2005 నుంచే సిమెంటులో ఆ క్రోమియానికి పరిమితి పెట్టారు. తోలు గ్లౌజుల్లోనూ క్రోమియం ఉంటుందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు నైట్రైల్ గ్లౌజులు వాడుతున్నా. లోపలికి సిమెంట్ పోతే వెంటనే తీసి మంచినీళ్లతో కడగాలి, పనిముట్లు కడిగిన బకెట్‌లో కాదు. థిన్నర్ అసలే వద్దు. రాత్రి వాజలీన్ లాంటిది దట్టంగా రాస్తా. మందం మెత్తబడడానికి యూరియా క్రీమ్ రాసిచ్చారు. ఎగ్జిమాకి స్టెరాయిడ్ పనికొస్తుంది, కానీ ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ చెప్పాలి.

ఇంకొన్ని గుర్తుపెట్టుకోండి. మోచేతులు, మోకాళ్లు, తలలో వెండిపొలుసులు, గోళ్లలో గుంటలు ఉంటే సోరియాసిస్ కావచ్చు. అది అంటుకోదు, ఆ మనిషిని వేరే పడుకోబెట్టకండి. రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో పొక్కులు, రూములో ఇంకొకరికీ ఉంటే గజ్జి. అందరూ ఒకేసారి మందు రాయాలి, బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉతకాలి. స్పర్శ లేని మచ్చ ఉంటే ఆలస్యం చేయొద్దు. కుష్ఠు అయినా మందులతో పూర్తిగా నయమవుతుంది.

భాష రాకపోతే ఇలా చెప్పండి: "తాంగన్ సాయా గాటల్, సాయా కెర్జా సిమెన్." నా చెయ్యి దురద, నేను సిమెంట్ పని చేస్తా అని. ఆ రెండో ముక్క ముఖ్యం. పర్మిట్ మీద ఉన్న విదేశీ కార్మికులకూ 2019 జనవరి 1 నుంచి పెర్కెసో బీమా ఉంది, పని వల్ల వచ్చే జబ్బులూ అందులోకి వస్తాయి. డాక్టర్ చీటీలు దాచుకోండి.

కుర్రాడికి పోయిన కూలి నా మాట వల్ల పోయింది. ఇప్పుడు సైట్లో ఎవరు చెయ్యి చూపించినా, "బూట్లు కూడా విప్పరా" అంటున్నా. ఆ ట్యూబు చెత్తలో పడేశా. మీ పెట్టెలోనూ అలాంటిది ఉంటే, ఇంకొకరి చేతికి ఇవ్వకండి. ఉంటా మరి.