ద్రాక్షతోట విందూ, మన విస్తరీ
(హూడి తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఉగాదినాడు ప్రసంగించమంటే పంచాంగ శ్రవణానికీ పంక్తి భోజనానికీ మధ్య ప్రసంగించమని అర్థం. ముందు గ్రహాలు, వెనుక గారెలు. నడుమ చిక్కినవారి మాట యెవరూ వినరు. అందుచేత కార్యవర్గంవారు అడిగినప్పుడు, భోజనాన్ని గురించయితేనే మాట్లాడతామని మేము షరతు పెట్టాము. ఆకలిమీద వున్న సభ ఆ ఒక్క విషయమైనా శ్రద్ధగా వింటుందని మా ఆశ.

సంగతి యేమంటే, ఈ మధ్య మన పిల్లలు - పిల్లలంటే ముప్ఫై యేళ్ళు వచ్చి పెద్ద వుద్యోగాలు చేస్తున్నవారే - సెలవు దొరికితే చాలు, నందికొండ దిగువకు, దొడ్డబళ్ళాపురం వైపు వెళ్ళి ద్రాక్షతోటలో భోజనం చేసి వస్తున్నారు. దానికయ్యే ఖర్చు వినగానే మన సంఘంలోని పెద్దలు కొందరు నోరు నొక్కుకొన్నారు. "యింట్లో అమ్మ వండిన వంకాయ కూర వదలి, అంత దూరం, అంత డబ్బు పోసి, చారెడు తిండి తినడమా?" అని ఒక పక్షం. "మీకు రుచి తెలియదు, తాతగారూ" అని రెండో పక్షం. వాదం నెలరోజులు సాగింది. తీర్పు చెప్పేవారు లేక, మేమే నలుగురం బయలుదేరి వెళ్ళి చూచి వచ్చాము. ఆ చూచినదీ, దానిమీద మాకు తోచినదీ మనవి చేస్తాము.

ముందుగా ఆ తోటల పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటలు. ద్రాక్షసారా అంటే ఫ్రాన్సు, ఇటలీ వంటి చలిదేశాల సరుకని మన తలపు. మనవైపు ద్రాక్షారామమని ఊరు వున్నది గాని, అది దక్షారామం. ద్రాక్షకూ దానికీ చుట్టరికం లేదు. మామూలుగా సారాకు పనికివచ్చే ద్రాక్ష భూమధ్యరేఖకు 30 మొదలు 50 డిగ్రీల దూరాన పండుతుందని చెప్తారు. బెంగుళూరు వున్నది 13 డిగ్రీల దగ్గర. అయినా సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల యెత్తున వుండడంచేత పగలు యెండ, రాత్రి చల్లదనం కుదిరినవి. కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి, ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతంవాడైన జార్జ్ వెసెల్ అనే నిపుణుని తోడు తెచ్చుకొని, 1988లో నందికొండ దిగువన ఫ్రెంచి తీగలు నాటాడు. 1992కు మొదటి సారా వచ్చింది. తరువాత 2007లో కర్ణాటక ప్రభుత్వం ద్రాక్షసారా పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించింది.

చలిదేశంలో తీగ శీతకాలమంతా నిద్రపోతుంది. ఇక్కడ దానికి నిద్ర లేదు. మన సాఫ్టువేరు కుర్రవాళ్ళవలెనే యేడాది పొడుగునా మేలుకొనే వుంటుంది. అందుకని రైతు యేటా రెండుసార్లు కత్తిరించి దానిని దారిలో పెట్టాలి. వేసవిలో ఒకసారి కొమ్మ బలానికి, వానలు వెనుకబట్టాక ఒకసారి కాపుకు. కోత మాఘ ఫాల్గుణ మాసాలలో. అంటే మనం వేపపూత కోసం చెట్లు వెదకేనాటికి, అక్కడ ద్రాక్ష తొట్లలో పులుస్తూ వుంటుంది.

ఇక భోజనం. పళ్ళెం పెద్దది, పదార్థం చిన్నది. ఆ మాటలో తాతల పక్షం చెప్పింది నిజమే. ఒకటి తిని ముగించేదాకా రెండవది రాదు. మాలో ఇద్దరు సారా రుచి చూచారు, ఇద్దరు ద్రాక్షరసంతో సరిపెట్టుకొన్నారు. యెవరు యే పక్షమో ఇక్కడ వారి ఇల్లాళ్ళు కూర్చున్నారు గనుక చెప్పము. మమ్మల్ని ఆకట్టుకొన్నది పళ్ళెమూ కాదు, గ్లాసూ కాదు. వడ్డించిన అబ్బాయి ప్రతిసారీ ఒక నిమిషం నిలబడి, ఇది ఫలానా జాతి ద్రాక్ష, ఫలానా చెక్కలో పండినది, ఫలానా సంవత్సరపు కోత, ఆ యేడు వానలు ఇలా పడ్డవి, అందుచేత పులుపు ఇలా దిగింది అని చెప్పాడు. గ్లాసు తిప్పి వాసన చూడమన్నాడు. వేలు పెట్టి నాకవలసిన చోట ముక్కు పెట్టి చూడమన్నాడనుకోండి. తినేవానికి తాను తింటున్న దానికొక ఊరున్నదనీ, ఒక ఋతువున్నదనీ, దానివెనుక ఒక మనిషి వున్నాడనీ తెలియజెప్పడమే అక్కడి మర్యాద. మిగిలినదంతా బల్లమీది గుడ్డ.

ఈ మర్యాద వారి సొంతమా అని ఆలోచించాము. కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా యేలినవాడు; ఆయన రాజధాని ఈ కన్నడదేశంలోదే. ఆయన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం ఋతువునుబట్టి మారుతుంది. వానకాలంలో అన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు తిరగమోత కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, ధారాళంగా నెయ్యి. అప్పటికి పచ్చికూరలు దొరకవు గనుక వరుగులు. చలికాలంలో కొత్తబియ్యపు అన్నం, మిరియాలపొడి చుట్టిన వేడికూరలు, ముక్కుపుటాలు అదరగొట్టే ఆవపచ్చళ్ళు, పాయసం, కాచిన పాలు. వేసవిలో ముందు వంటికి చందనం పూసి, నులివెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకుపాలు, లేత కొబ్బరినీళ్ళు, వడపిందెలు, నీరుమజ్జిగ. ఇంత పెట్టీ, నడిరాత్రి వచ్చినవారితో "కూరలు యెక్కువ లేవు, అన్నం వేడిగా లేదు, పిండివంటలు లేవు, దయచేసి భోంచేయండి" అని వేడుకొంటాడు ఆ గృహస్థు. దొడ్డబళ్ళాపురంలో మేమిచ్చిన సొమ్ముకు అబ్బాయి అంత వినయం చూపలేదు, చూపవలసిన పనీ లేదు.

ఆ పట్టికలో ఒక పదార్థం కనబడదు, గమనించారా? మిరపకాయ లేదు. మిరియమే వున్నది. మిరప అమెరికా ఖండపు కాయ. పోర్చుగీసువారి ఓడలమీద 16వ శతాబ్దంలో మన రేవులకు దిగింది. మన గుంటూరు కారానికి రాయలవారిని సాక్ష్యం పిలువలేము. ఫ్రెంచి ద్రాక్ష నందికొండకు నిన్న వచ్చింది, మిరప గుంటూరుకు మొన్న వచ్చింది. మనం హూడికి వచ్చినదీ అట్టే పాతమాట కాదు.

అన్నట్టు, కన్నడదేశంలో తిండి గురించి సణిగిన తెలుగువారిలో మనం మొదటివారం కాము. శ్రీనాథుడు చెప్పాడనే చాటుపద్యమొకటి వున్నది; కన్నడ రాజుల కొలువుకు వచ్చి, కుళ్ళాయి పెట్టుకొని, మజ్జిగ అంబలి త్రాగవలసి వచ్చిందని వాపోతాడు. ఆయనకు ఆనాడు ఆంధ్రా మీల్స్ హోటలు దొరకలేదు, పాపం.

మనకు దొరికింది. 1984లో రెసిడెన్సీ రోడ్డున నాగార్జున హోటలు వెలసింది. ఆ దశకంలో, ఆ తరువాత, అరటాకులో పప్పు, పొడి, నెయ్యి, గోంగూర వడ్డించే హోటళ్ళు నగరమంతా వ్యాపించినవి. కన్నడిగులు, తమిళులు, ఉత్తరాదివారు వరుసలో నిలబడి తిన్నారు. అది మనకు గర్వకారణమే. 1990ల చివర మన ప్రక్కన టెక్ పార్కు వచ్చింది, దానివెంట మనవాళ్ళు వచ్చారు, మనవాళ్ళవెంట పీజీలనే వసతిగృహాలు, కర్రీ పాయింట్లు వచ్చినవి. 2023 మార్చిలో మెట్రో రైలు కూడా హూడిలో ఆగడం మొదలుపెట్టాక, స్టేషను మెట్లు దిగితే తెలుగు బోర్డు చదువుకోకుండా ఇల్లు చేరడం కష్టం.

కాని ఈ హోటళ్ళలో ఒక వింత జరిగింది. కందిపొడి గన్‌పౌడరయింది. ఆంధ్రా అంటే కారమనీ, కారమంటే ఆంధ్రా అనీ స్థిరపడింది. పచ్చిమిరపకాయలు గుప్పించిన చిల్లీ చికెన్ మన వంటగా చెలామణి అవుతున్నది. గుంటూరువారినీ నెల్లూరువారినీ అడిగి చూచాము, ఇంట్లో తిన్నవారు ఒక్కరు దొరకలేదు. ఈ ప్రాంతంలోనే ఒక హోటలులో - పేరెందుకు - పప్పు యెక్కడి కందిపప్పు అని అడిగితే, వడ్డించే అతను "ఆంధ్రా పప్పే సార్, స్పైసీగా వుంటుంది" అన్నాడు. కారం తప్ప మరి రుచి లేని జాతిగా మనకు పేరు రావడం మాకు ఇష్టం లేదు. అంతకంటె బాధ యేమంటే, ఇక్కడ పుట్టిన మన పిల్లలు కూడా తెలుగుభోజనమంటే అదేనని నమ్ముతున్నారు. వారిని తప్పుపట్టలేము. వారు యింట తినేదీ చాలావరకు ఫోనులో తెప్పించినదే.

మన భోజనంలో కారానికి ఒక చోటు వున్నది, ఆ చోటుకు ముందూ వెనుకా కాపలా వున్నది. మిరపలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు దానిని నాలుకమీదనుంచి తొలగిస్తుంది. అందుకే మొదటిముద్దకు నెయ్యి, చివరిముద్దకు పెరుగు. మన పెద్దలకు కేసీన్ పేరు తెలియకపోవచ్చు, పని తెలుసు. సారా అయితే మంటను పెంచుతుంది గాని తగ్గించదు. గోంగూర మాంసంతో ఘాటైన యెర్రసారా త్రాగి చూడమని యెవరైనా సరదాపడితే, ప్రక్కన మజ్జిగ పెట్టుకోమని మా సలహా.

ఇక ఊళ్ళ పేర్లు. బనగానపల్లె మామిడికి, తాండూరు కందికి, ఆత్రేయపురం పూతరేకులకు ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఇక్కడి బెంగుళూరు నీలి ద్రాక్షకు 2013లో ఇచ్చింది. మందపు తోలు, తీపితో పాటు కొరికే పులుపు, దూరంనుంచే పట్టే వాసన. బండిమీద కాగితప్పొట్లంలో దొరికే కాయ అదే. ఫ్రెంచి తీగలు రాకమునుపు నూరేళ్ళకు పైగా ఈ నేలమీద పండుతున్నది. దానిని పండించే చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల రైతులలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చింతామణివైపో గుడిబండవైపో తోటగట్టున నిలబడి వినండి. మనకంటె కమ్మని తెలుగు వినబడుతుంది. వ్రాయడం కన్నడంలో వ్రాస్తారు.

వారి యింట రాగిసంగటి, చలికాలంలో అనపగింజలు. గింజలు నానబెట్టి వేళ్ళతో పితికి తోలు తీసి వండేది చిత్తూరులో పితికిపప్పు. ఇక్కడ కన్నడంలో హితికిద బేళె. పాలు హాలయినట్టు, పులి హులి అయినట్టు, పితికినది హితికినది అయింది. వంట ఒక్కటే. మనం కోస్తానుంచి సరుకు బస్సులలో తెప్పించుకొంటూ, గుమ్మం ముందున్న ఈ చుట్టాలను ఒక్కనాడూ విస్తరికి పిలువలేదు. శ్రీనాథుని సణుగుడు మాత్రం వారసత్వంగా తెచ్చుకొన్నాము.

ఆలస్యం చేస్తే పిలువడానికి తోటలు వుండవేమో. 2008లో విమానాశ్రయం వచ్చింది మొదలు దేవనహళ్ళి చుట్టూ నేల ధర పెరిగి, తోటలు లేఅవుట్లుగా మారుతున్నవి. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోటలు కళకళలాడేవి. నగరం పెరిగి వాటిలో చాలాభాగం ఇళ్ళస్థలాలయినవి. మనం నివసించే ఫ్లాట్ల క్రింద యేమి పండేదో హూడి పాతకాపులను అడిగితే చెప్తారు. రాగులు పండిన నేలమీద కూర్చొని మనం బియ్యం ధర గురించి తగవులాడుతున్నాము.

మొన్నటి సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు: "పేర్లు చెప్తే కడుపు నిండుతుందా? పేదవాడు పప్పు యే ఊరిదని అడుగుతాడా?" అని. అడుగుతాడు. పల్లెలో ప్రతి ఇల్లాలికీ యే చేను పప్పు వుడుకుతుందో, యే చేనుది వుడకదో తెలుసు. అడగడం మానుకొన్నది మనం, పట్నం వచ్చి, పొట్లాం కొనుక్కొని. ద్రాక్షతోట విందుకు వెళ్ళే పిల్లలు ఆ అడగడం మళ్ళీ నేర్చుకొంటున్నారు. డబ్బు పోసి నేర్చుకొంటున్నారన్నదొక్కటే తాతలకు కష్టంగా వున్నది. కనుక మా తీర్పు ఇది: పిల్లలు వెళ్ళవచ్చును, నెలనెలా కాదు, తాతలు ఒక్కసారైనా వెంట వెళ్ళాలి, ఖర్చు పిల్లలది.

ఈ పూట వంటవారితో ముందే మాట్లాడుకొన్నాము. ప్రతి పంక్తికీ మనవాళ్ళలో ఒకరు నిలబడి, విస్తరిలో పడుతున్నది యెక్కడిదో చెప్తారు. పప్పు తాండూరు కంది. పచ్చడిలో వేపపూత హూడి చెరువుగట్టు చెట్లది, మామిడి మాత్రం సంతలో కొన్నది, ఊరు తెలియలేదు, తెలియలేదనే చెప్తారు. పితికిపప్పుకు కాలం దాటింది గనుక ఎండబెట్టిన అనపగింజల పులుసు చేయించాము. వండిన అమ్మ చింతామణి తాలూకా ఆవిడ, మూడవ బంతిలో మనతో కూర్చుంటానన్నారు. చివర పెరుగన్నంలోకి ఊరగాయతోపాటు నీలి ద్రాక్ష నాలుగేసి కాయలు. గింజలుంటాయి, పిల్లలు చూచి తినాలి. మొదటి బంతికి పెద్దలు లేవవచ్చును.