జెహ్రెన్స్‌డార్ఫ్‌లో మన సైనికులు

బెర్లిన్ నగరానికి దక్షిణాన, వున్స్‌డార్ఫ్ దగ్గరి అడవిలో ఒక చిన్న సైనిక శ్మశానం ఉంది. పేరు జెహ్రెన్స్‌డార్ఫ్. అక్కడ 206 మంది భారతీయ సైనికుల సమాధులున్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడుతూ పట్టుబడిన మనవాళ్లను జర్మన్లు వున్స్‌డార్ఫ్‌లోని ‘నెలవంక శిబిరం’లో ఉంచారు. మంచి చేసుకుని బ్రిటన్ మీదికి తిప్పాలన్నది వారి ఎత్తుగడ. ముస్లిం ఖైదీల కోసం 1915లో అక్కడ కొయ్య మసీదు కూడా కట్టించారు. ఆ పాచిక పెద్దగా పారలేదు. క్షయవ్యాధి మాత్రం ఎందరినో పొట్టన పెట్టుకుంది.

ఆ ఖైదీల గొంతులను జర్మన్ పండితులు రికార్డు చేశారు. ఇంటి మీద బెంగతో వాళ్లు పలికిన మాటలు బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం సేకరణలో నేటికీ భద్రంగా ఉన్నాయి. వింటే గుండె బరువెక్కుతుంది.

సమాధులకు మాత్రం ఆ భద్రత దక్కలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ ప్రాంతం సోవియట్ సైన్యం చేతికి వెళ్లింది. ఆలనాపాలనా లేక శ్మశానం పాడుబడింది. జర్మనీ ఏకమై, ఆ సేనలు వెళ్లిపోయాక, కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ దాన్ని బాగుచేయించి 2005లో మళ్లీ అంకితం చేసింది.

బెర్లిన్ వెళ్లే తెలుగువారికి ఒక విన్నపం. ఒక పూట తీరిక చేసుకుని జెహ్రెన్స్‌డార్ఫ్ వెళ్లండి. అక్కడి పేర్లు చదివి రండి.