మిరప చేలో ఎండ, ఒంట్లో విటమిన్ డి

గుంటూరు దగ్గరి నల్లపాడు చుట్టుపక్కల మిరప కోతకు వెళ్లే అక్కచెల్లెళ్లు చీర మీద పొడుగు చేతుల చొక్కా తొడిగి, ఘాటు తగలకుండా ముఖానికి గుడ్డ చుట్టుకుంటారు. అది అవసరమే. కానీ విటమిన్ డి తయారయ్యేది చర్మానికి ఎండ నేరుగా తగిలినప్పుడే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షించిన పల్లె మహిళల్లో సుమారు 70 శాతం మందికి విటమిన్ డి లోపం కనిపించింది. ఎండకు కొదవలేని మన రాష్ట్రంలో!

పేరుకు విటమిన్ అయినా ఇది ఒంట్లో హార్మోన్‌లా పనిచేస్తుంది. అండాశయాల్లో, గర్భాశయంలో దీన్ని అందుకునే గ్రాహకాలున్నాయి. నెలసరి క్రమం తప్పే పీసీఓఎస్ అనే అండాశయ సమస్య ఉన్నవాళ్లలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. అయితే ఆ సమస్యకు ఇదే కారణమని తేలలేదు. విటమిన్ డి మాత్ర వేసుకుంటే గర్భం నిలుస్తుందన్న హామీ కూడా లేదు. పిల్లలు ఆలస్యమైతే కోడలినే నిందించే ఇళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి: భర్తకూ పరీక్ష చేయించండి.

చలికాలంలో, మధ్యాహ్నానికి కాస్త ముందు, చేతులకు కొద్దిసేపు ఎండ తగలనివ్వండి. గుడ్డు, చేప కొంత సాయం. రక్తపరీక్షలో లోపం తేలితే డాక్టరు మోతాదు చెబుతారు. వారానికొకటి వేసుకోమన్న 60,000 యూనిట్ల మాత్రను రోజూ మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినవచ్చు.