మంచుదీపములకు జెనాన్ వెలుగు

శీతకాలపు వేకువజామున లంబసింగి ఘాట్‌రోడ్డు మీద కారు నడిపినవారికి పొగమంచు ఎంతటి అడ్డుగోడయో తెలియును. ఆ మంచును జయింపవలెనని పలువురు ఫాగ్‌లైట్లకు హెచ్.ఐ.డి. (జెనాన్ బల్బుల) కిట్లు బిగించుచున్నారు.

ఈ బల్బులో ఫిలమెంటు ఉండదు. జెనాన్ వాయువు నిండిన చిన్న గొట్టమున రెండు ఎలక్ట్రోడ్ల నడుమ విద్యుచ్చాపము వెలుగును. దానిని రగిలించుటకు బ్యాలస్ట్ అను పెట్టె, 12 వోల్టుల బ్యాటరీ నుండియే, క్షణకాలము 20 వేల వోల్టులకు మించిన ఒత్తిడిని పుట్టించును. కావున ఆ పెట్టెను నీరు చిమ్మని చోట, ఇంజను వేడికి దూరముగా బిగింపవలెను. బిగించునపుడు బ్యాటరీ తీగ విప్పి ఉంచవలెను. బల్బు గాజును ఒట్టిచేతితో తాకరాదు.

ఇక వెలుగు రంగు సంగతి: నీలిఛాయ గల తెలుపు అంగడిలో సొగసుగా కనిపించును గాని, మంచులో కన్నులకు మిరుమిట్లు గొలుపును. 3000 కెల్విన్ల పసుపు మేలు.

అన్నింటికంటె ముఖ్యమైనది దీపపు గిన్నె. హాలోజన్ కొరకు మలచిన గిన్నెలో ఈ చాపము ఫిలమెంటు స్థానమున సరిగా కుదరక, వెలుగు పైకి చెదరి, ఎదుటివాని కన్నులను కప్పివేయుటయేగాక, మంచు మీద పడి మన ముందే తెల్లని తెరయై నిలుచును. కావున జెనాన్ కొరకే చేసిన దీపము దొరకనిచో కిట్టు కొనవలదు. దొరికినచో, బిగించిన పిమ్మట రాత్రివేళ కారును గోడకెదురుగా నిలిపి, వెలుగు పైఅంచు దీపపు ఎత్తునకు దిగువనే ఉండునట్లు సరిచేయుడు.